నర్సుల ఇంక్రిమెంట్‌ను అప్రైజల్ మార్కులతో ముడిపెట్టడం న్యాయమేనా?

నైట్ డ్యూటీ సిస్టర్:
హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఆరేళ్ళుగా చేస్తున్నాను. మొన్న నా అప్రైజల్, అదే పనితీరుకి మార్కులేసే సమీక్ష, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ‘పేషెంట్ సేఫ్టీ’ దగ్గర అయిదుకి రెండు. ఎందుకు మేడమ్ అంటే, "నీ పేరు మీద ఇన్సిడెంట్ రిపోర్ట్ ఉంది కదా" అన్నారు మా ఇన్‌చార్జ్.

పొరపాటు జరిగినా, జరగబోయినా రాసిచ్చేదే ఆ రిపోర్ట్. అది రాసింది నేనే! పొటాషియం క్లోరైడ్, డిస్టిల్డ్ వాటర్ యాంప్యూల్స్ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, రెండూ ఒకే ట్రేలో పెట్టారు. తెల్లవారుజామున మూడింటికి డిస్టిల్డ్ వాటర్ అనుకుని యాంటీబయాటిక్‌లో పొటాషియం కలపబోతూ లేబుల్ చూసి ఆగాను. పొటాషియం పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. పేషెంటుకి ఏమీ కాలేదు. అయినా రేపు ఇంకొకరి చేతికి అదే తగలకూడదని రాశాను. ట్రేలు వేరు చేశారు, సంతోషం. నా ఇంక్రిమెంట్ మాత్రం తగ్గింది. ఇప్పుడు జూనియర్లకి ఏం చెప్పమంటారు, రాయమనా, నోరు మూసుకోమనా? మార్కులకీ జీతానికీ లంకె తీసేయాలంటాను.

క్వాలిటీ డెస్క్:
నేను వేరే ఆసుపత్రిలో క్వాలిటీ విభాగంలో ఉన్నాను. మీకు జరిగింది తప్పే సిస్టర్, అందులో వాదన లేదు. కానీ లంకె తీసేస్తే మళ్ళీ పాత రోజులే. అప్పట్లో ఇంక్రిమెంట్ ఎవరికి వచ్చేది? సూపరింటెండెంట్ గదిలో కూర్చుని టీ తాగేవాళ్ళకి. ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ ప్రమాణాల్లో స్పష్టంగా ఉంది: అప్రైజల్ పద్ధతి ఉద్యోగంలో చేరినప్పుడే చెప్పాలి, ముందే నిర్ణయించిన కొలమానాలతో చూడాలి, ఫలితాన్ని మనిషి ఎదుగుదలకి వాడాలి. ఫారం మంచిదే. దాన్ని ఎలా నింపాలో ఇన్‌చార్జులకి ఎవరూ నేర్పలేదు, అదీ బాధ.

జనరల్ వార్డు:
కొలమానాలట! మా వార్డులో రాత్రి ఇద్దరం, ఇరవై నాలుగు బెడ్లు. మొన్న ఒక ముసలమ్మకి నరం దొరకలేదు. వేడినీళ్ళలో ముంచి పిండిన టవల్ చుట్టి, పది నిమిషాలు చెయ్యి నిమురుతూ కూర్చుంటే గానీ కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించే సన్న గొట్టం) పడలేదు. ఆలోగా మూడు బెల్లులు మోగాయి. తెల్లారి ఫీడ్‌బ్యాక్ ఏంటంటే ‘బెల్ కొడితే సిస్టర్ రాదు’. అది నా ఫైల్లోకి వెళ్ళింది. ముసలమ్మ చెయ్యి ఏ కాలమ్‌లోకి వెళ్తుందండీ? మార్కులేసే మేడమ్ పగటి డ్యూటీ, నన్ను చూసేది డ్యూటీ మారేటప్పుడు, హ్యాండోవర్ అప్పుడు మాత్రమే.

అమీర్‌పేట అబ్బాయి:
నేను నర్సుని కాను, పేషెంటు కొడుకుని. కాస్త సిగ్గుపడుతూనే చెప్తున్నా. నాన్న డిశ్చార్జ్ రోజు ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఆ కోపంలో ఫీడ్‌బ్యాక్ ట్యాబ్ చేతిలో పెడితే అన్నిటికీ అట్టడుగు రేటింగ్ కొట్టాను, నర్సులతో సహా. అది వాళ్ళ జీతం దాకా వెళ్తుందని ఇప్పుడే తెలిసింది. అలా అని నర్సులని ఎవరూ అడగకూడదంటే మాత్రం ఒప్పుకోను. విసుక్కునే వాళ్ళనీ చూశాం.

రిటైర్డ్ హెడ్ నర్సు:
అమ్మా, ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్ళు చేశాను. మా కాలంలో కాన్ఫిడెన్షియల్ రిపోర్ట్ అనేవారు. ఏం రాశారో మనకి చూపించేవారు కాదు, ప్రమోషన్ ఆగినప్పుడు తెలిసేది. దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగికి ఆ రిపోర్టులో రాసిన ప్రతిదీ తెలియజేయాల్సిందేనంది. ప్రైవేటుకి అది వర్తించదు గానీ, కాపీ అడగడానికి మొహమాటం ఎందుకు?

ఇంకో మాట. 2016లో కోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకి ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలంది. 50 లోపు పడకలైతే కనీసం 20,000. అసలు జీతం ఆ లెక్కన ఇస్తే మీరంతా రెండు మార్కుల కోసం ఇంత టెన్షన్ పడతారా?

నైట్ డ్యూటీ సిస్టర్:
మేడమ్, కాపీ అడిగాను. హెచ్‌ఆర్‌లో ‘చూస్తాం’ అన్నారు. క్వాలిటీ డెస్క్ గారూ, ఇన్సిడెంట్ రిపోర్టులని అప్రైజల్ నుంచి పూర్తిగా వేరు చేస్తామంటే లంకె మాట వదిలేస్తాను. ఫారంలో ఉద్యోగి అభిప్రాయం గడిలో ఇలా రాసి సంతకం పెట్టాను: ‘ఈ రిపోర్ట్ ఇచ్చింది నేనే. దాని వల్లే ట్రేలు మార్చారు.’ ఇన్‌చార్జ్ అది కొట్టేసి కొత్త ఫారం నింపమంటున్నారు.

క్వాలిటీ డెస్క్:
కొట్టేయకండి. ముందు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు స్టాఫ్ ఫైళ్ళు తీయించి చూస్తారు, ఆ రెండు వాక్యాలు వాళ్ళ కంట పడనివ్వండి.