అప్‌డేట్: బరంపురంలో అప్పడాల యూనిట్‌కు లోన్ వచ్చింది

వానాకాలంలో అప్పడాలు ఆరక, డ్రయ్యర్‌కు లోన్ దొరక్క, యూనిట్‌ను ఒడిశా నుంచి ఆంధ్రాలోని ఇచ్ఛాపురానికి మార్చేయాలా అని ఇక్కడే అడిగాను. మార్చలేదు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసిన సలహా: జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లమన్నది. వాళ్లు పీఎంఎఫ్ఎంఈ (చిన్న ఆహార యూనిట్లకు లోన్ మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) రిసోర్స్ పర్సన్‌ను, అంటే దరఖాస్తుకు సాయం చేసే ఆయన్ను కలిపారు. ఆయన ఫైలు చూసి, లోపం ప్రాజెక్టు రిపోర్టులోనే ఉందన్నారు: వానాకాలంలో ఎంత సరుకు ఆగిపోతోందో, డ్రయ్యర్ వస్తే ఎంత పెరుగుతుందో ఎక్కడా లేదు. ఏడాది అమ్మకాల బిల్లులతో ఆయనే కొత్తగా రాశారు, పైసా తీసుకోలేదు. ముందు లోన్ ఇవ్వని మా బ్యాంకే ఈసారి ఒప్పుకుంది!

ఖర్చు 6 లక్షలు. మా వాటా 10 శాతం, అంటే 60 వేలు. సబ్సిడీ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. ఒక్క జాగ్రత్త: సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది. వాయిదాలు సరిగ్గా కడితేనే లోన్‌లో సర్దుతారు.

‘ఒక జిల్లా ఒక ఉత్పత్తి’ (ఈ పథకంలో ఒక్కో జిల్లాకు ఎంచుకున్న ఉత్పత్తి) జాబితాలో అప్పడాలు ఉండాలేమోనని పడ్డ టెన్షన్ అనవసరం. ఇప్పటికే నడుస్తున్న యూనిట్లకు ఆ షరతు లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) కూడా ఉచితమే, ఏజెంటుకు డబ్బులివ్వకండి.

మా దగ్గర పనిచేసే ఆరుగురు అక్కలకు ఈసారి వానల్లోనూ పని ఉంటుంది.