కోరం సెన్సింగ్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: డిగ్రీ పిల్లల కోసం సూక్ష్మజీవుల పాఠం తెలుగులో రాస్తున్నాను. ‘కోరం సెన్సింగ్’ (బాక్టీరియా తమ గుంపు ఎంత పెరిగిందో తెలుసుకుని పనితీరు మార్చుకోవడం) దగ్గర ఆగిపోయాను. ‘సంఖ్యా సంవేదన’ అని పెడితే లెక్కల పాఠంలా ఉంది. మీరైతే ఏమంటారు?

జవాబు: ‘కోరం పసిగట్టడం’ అంటానండి. కోరం మనకు కొత్త మాట కాదు, కోరం లేక సభ వాయిదా పడిందని పేపర్లలో చదువుతూనే ఉంటాం. 1994లో శాస్త్రవేత్తలు ఫుక్వా, వైనన్స్, గ్రీన్‌బర్గ్ ఈ పేరు తెచ్చిందీ ఆ అర్థంతోనే: తగినంతమంది ఉంటేనే పని జరుగుతుంది. ఇక ‘పసి’ అంటే వాసన. బాక్టీరియా తోటివాటిని లెక్కపెట్టదు. అవన్నీ వదిలిన రసాయనం చుట్టూ ఎంత పేరుకుందో దాన్నిబట్టి తెలుసుకుంటుంది. అంతకంటే సరిపోయే క్రియ నాకు తోచడం లేదు.

ఉదాహరణకి క్యాబేజీలో నల్లకుళ్లు తెచ్చే శాంథోమోనాస్ క్యాంపెస్ట్రిస్‌ని తీసుకోండి. ఇది డీఎస్ఎఫ్ అనే కొవ్వు ఆమ్లాన్ని బయటికి వదులుతుంది. గుంపు పెరిగేకొద్దీ అది చిక్కబడుతుంది. కణం పొరలోని ఆర్‌పీఎఫ్‌సీ ప్రోటీన్ దాన్ని పసిగట్టి, లోపలున్న ఆర్‌పీఎఫ్‌జీకి కబురందిస్తుంది. ఆర్‌పీఎఫ్‌జీ సైక్లిక్ డై-జీఎంపీ అనే అణువును విరగ్గొడుతుంది. ఆ అణువు ఎక్కువగా ఉన్నంతసేపూ సీఎల్‌పీ అనే ప్రోటీన్‌ని డీఎన్ఏ మీద కుదురుకోనివ్వదు. అది తగ్గాక సీఎల్‌పీ డీఎన్ఏని పట్టుకుంటుంది. అప్పుడు మొక్క కణాల గోడల్ని కరిగించే ఎంజైములూ, శాంథాన్ అనే పాలిశాకరైడూ (చక్కెర అణువుల పొడవాటి గొలుసు) ఎక్కువగా తయారవుతాయి. ఈ వరసంతా పాఠంలో తప్పక ఉండాలి. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి!

మరొకరు: పాలిశాకరైడ్‌కి ‘బహుశర్కర’ వాడకండి, పిండి కూడా బహుశర్కరే. ఇక్కడ ‘జిగురు’ చాలు. శాంథాన్ తయారుచేసే 12 జన్యువుల పేర్లే గమ్‌బీ నుంచి గమ్‌ఎం దాకా. ఐస్‌క్రీములో, సాసులో చిక్కదనం కోసం వేసే శాంథాన్ గమ్ ఇదేనని చెబితే పిల్లలకి గుర్తుంటుంది.

ప్రశ్న: బాగుందండి. అయితే నిర్వచనంలో ‘కోరం చేరగానే జిగురు తయారీ మొదలవుతుంది’ అని రాయనా?

జవాబు: వద్దండి, కలరా బాక్టీరియాలో అంతా తలకిందులు. కొద్దిగా ఉన్నప్పుడే అది జిగురు చేసుకుని అతుక్కుంటుంది. గుంపు పెరిగితే హ్యాప్‌ఆర్ ప్రోటీన్ ఆ జిగురు జన్యువుల్ని అణిచేస్తుంది. పైగా ఈ రసాయన సంకేతం పని జిగురొక్కటే కాదు. వరిలో ఎండాకు తెగులు తెచ్చే శాంథోమోనాస్‌లో డీఎస్ఎఫ్ తయారుచేసే జన్యువు దెబ్బతింటే, ఇనుము తక్కువైన చోట ఆ బాక్టీరియా సరిగా పెరగలేదని హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) పరిశోధకులు 2002లో ప్రచురించారు. కాబట్టి ‘మొదలవుతుంది’ తీసేసి, ‘కోరం పసిగట్టాక జన్యువుల పనితీరు మారుతుంది’ అని రాయండి. జిగురు సంగతి ఉదాహరణలో చెప్పండి.