కొత్తింట్లో చేరి 12 రోజులు, సెలవులన్నీ ముసురే.. ఇంకా ఎవరింట్లోనో ఉన్నట్టుంది, మీకూ ఇలాగే అయిందా?

నిద్రగన్నేరు:
అందరికీ హాయ్. సెలవులున్నాయి కదా తీరిగ్గా సర్దుకోవచ్చని కావాలనే పండగ ముందు ఇల్లు మారాం, అదే తప్పైపోయిందేమో. వచ్చిన మర్నాటి నుంచి ఒకటే ముసురు, పొద్దున తొమ్మిదింటికి కూడా లైటేస్తే గానీ డబ్బా మీద ఏం రాశానో కనపడట్లేదు. కనపడినా లాభం లేదులెండి, "మిగతావి" అని రాసినవే ఆరు డబ్బాలున్నాయి. హాల్లో మాట్లాడితే మన గొంతు మనకే తిరిగొస్తోంది. రాత్రి లేస్తే చెయ్యి దానంతటదే తలుపుకి కుడిపక్కకి పోతుంది, పాతింట్లో స్విచ్ అక్కడుండేది, ఇక్కడ వట్టి గోడ, తడుముకుంటూ నించుంటే ఒక్కోసారి ఏడుపొస్తోంది. మా ఆయన "ఇల్లు బానే ఉంది కదా, ఏమైంది నీకు" అంటారు. బానే ఉంది, అదే నా బాధ, తిట్టుకోడానికి కూడా ఏం లేదు. అందరూ పండగ ఫొటోలు పెడుతుంటే నేను అట్టపెట్టెల మధ్య కూచుని చూస్తున్నా. మా పాపకి ఐదేళ్ళు, రోజూ పడుకునే ముందు "మనింటికి ఎప్పుడెళ్దాం" అంటుంది. నాకూ నిద్ర సరిగ్గా లేదు. పైగా బెడ్రూంలో కొత్త అల్మారా ప్లైవుడ్ వాసన, కిటికీ తీద్దామంటే బయట చలీ వానా. ఎన్నాళ్ళకి కుదురుకుంటారు ఎవరైనా?

అరమోడ్పు:
మీరేం విచిత్రంగా ఫీలవ్వట్లేదండీ. 1967లో హోమ్స్, రాహె అని ఇద్దరు సైకియాట్రిస్టులు జీవితంలో వచ్చే మార్పులు 43 తీసుకుని ఒక్కోదానికి ఎంత ఒత్తిడో పాయింట్లు వేశారు, అందులో ఇల్లు మారడానికి 20, నిద్ర అలవాట్లు మారడానికి 16, తమాషా ఏంటంటే సెలవులకి కూడా 13 ఉంది. అంటే సెలవుల్లో రెస్ట్ తీసుకుంటూ సర్దుకుందాం అనేది లెక్క ప్రకారం కూడా కుదరదన్నమాట :) లోన్ తీసుకుని కొన్నట్టయితే దానికి వేరే ఉంది, అది ఇప్పుడు చెప్పనులెండి.

నిద్ర సంగతి. కొత్త చోట మొదటి రాత్రి మెదడు ఒకవైపు పూర్తిగా నిద్రపోదట, చిన్న చప్పుడుకి కూడా ఉలిక్కిపడుతుందట, 2016లో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళు చూపించారు. కానీ అది మొదటి రాత్రి మాట, మీకు 12 రోజులైంది కాబట్టి నాకైతే చప్పుళ్ళు ఎక్కడివో తెలీకపోవడమే అనిపిస్తోంది. మేం మారినప్పుడు రాత్రి రెండింటికి గోడలోంచి టక్ టక్ అని వచ్చేది, వారం రోజులు భయపడి చచ్చాను, చివరికి చూస్తే పైవాళ్ళ ట్యాంకులో నీళ్ళు పడుతుంటే పైపు గోడకి కొట్టుకుంటోంది. తెలిసిన రాత్రి నుంచీ అదే టక్ టక్‌లో హాయిగా పడుకున్నా. ఒకరోజు రాత్రి టీవీ, ఫ్యాను అన్నీ ఆపేసి పది నిమిషాలు వినండి, ఏది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి.

ఎండపొడ:
నాకైతే మొత్తం వెలుతురు ప్రాబ్లమే అనిపిస్తోంది అక్కా. ఇంట్లో లైట్లన్నీ వేసుకున్నా రెండు మూడొందల లక్స్ (వెలుతురు కొలత) మించదు, మబ్బు పట్టిన రోజు కూడా బయట వేలల్లో ఉంటుంది, మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా తెలీదు. లేచిన గంటలో గొడుగేసుకుని అయినా అరగంట బయటికెళ్ళి రండి, పాపని కూడా తీసుకెళ్ళండి. సాయంత్రం మాత్రం రివర్స్, హాల్లో ఆ ఒక్క తెల్ల ట్యూబ్‌లైటూ ఆపేసి మూలకో పసుపు బల్బు పెట్టండి, డబ్బా మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉంటుంది చూడండి.
ఇంకోటి, భయపెట్టడానికి కాదు, చీకటి సీజన్లో వచ్చే డిప్రెషన్ నిజంగా ఉంది, 1984 నుంచే డాక్టర్లు దాని గురించి రాస్తున్నారు. ఈ దిగులు రోజూ ఇలాగే ఉండి రెండు వారాలు దాటితే డాక్టర్‌కి చూపించుకోండి, ఇల్లు సర్దడం అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.

పాతబీరువా:
వెలుతురు సరే గానీ ముందు ఆ వాసన సంగతి చూడమ్మా. ప్లైవుడ్ అతికించే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు గ్యాస్ వస్తుంది, గదిలో తేమ పెరిగితే ఇంకా ఎక్కువ వస్తుంది. వాన అని కిటికీలు మూసుకుని కూచోవద్దు. బయట చలిగా ఉంటే ఆ గాలిలో మొత్తం మీద ఉండే తేమ తక్కువే, లోపలికొచ్చి వెచ్చబడితే గది ఆరుతుంది. ఎదురెదురు కిటికీలు రోజుకి రెండు మూడు సార్లు పది నిమిషాలు బార్లా తీసెయ్. బట్టలు గదిలో ఆరెయ్యొద్దు. అల్మారా తలుపులు పగలంతా తీసే ఉంచు, విడి అల్మారా అయితే బయటి గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళ సందు వదులు, లేకపోతే వెనకాల బూజు పడుతుంది, మాకు అలాగే ఒక సూట్‌కేస్ పోయింది. తేమ చూపించే చిన్న మీటర్ దొరుకుతుంది, 60 శాతం దాటకుండా చూసుకో.
పాప డబ్బాలు విప్పావా అసలు?

గోడమీదపిల్లి:
పండగ ముందు మారినవాళ్ళకి ఇదే శాస్తి, సగం షాపులు మూసేస్తారు, పనివాళ్ళు ఫోనెత్తరు, మేమూ పడ్డాం. హాల్లో ఆ గొంతు తిరిగి రావడానికి మాత్రం కర్టెన్లు, ఒక కార్పెట్ చాలు, అవి లేకపోతే ప్రస్తుతానికి మందపాటి దుప్పటి పరిచెయ్యండి, తేడా మీకే తెలుస్తుంది.

నిద్రగన్నేరు:
అందరికీ థాంక్స్. పెద్దాయన అడిగింది చదివి సిగ్గేసింది, వంటిల్లు, ఆఫీస్ సామాను అన్నీ విప్పి పాపవి మాత్రం అడుగున పెట్టేశాను. నిన్న ముందు అవే తీశాం. తన స్టిక్కర్లు బయటపడగానే రాత్రి మెరిసే చందమామ ఒకటి తెచ్చి కొత్త స్విచ్ పక్కన అతికించింది, "నీకు కనపట్లేదు కదా" అంటూ. అది ఎడమపక్కన, నా మోచెయ్యంత ఎత్తులో ఉందని నేను 12 రోజుల్లో సరిగ్గా చూడనే లేదు. రాత్రి చెయ్యి మళ్ళీ కుడికే పోయింది గానీ చందమామ కనపడింది.
మనింటికి ఎప్పుడెళ్దాం అని మాత్రం నిన్న కూడా అడిగింది.
మీటర్ తెచ్చాం, పొద్దున 74 ఉంది, రెండుసార్లు కిటికీలు తీశాక ఇప్పుడు 66. వాన ఇంకా పడుతూనే ఉంది. ఇంకో విషయం, కత్తెర దొరకట్లేదు అని మూడు రోజులుగా వెతుకుతున్నాం, టేపు వేసిన డబ్బాలోనే పెట్టి టేపు వేశానట. ఏ "మిగతావి"లోనో తెలీదు.