"కండ కలవాడేను": ఆ 'ను' అక్కడేం చేస్తోంది?

అయ్యకోనేరు గట్టు:
నిన్న రాత్రి ఇంట్లో పోలన్‌స్కీ సినిమా 'ది పియానిస్ట్' చూశాం. 2002లో వచ్చింది, మేం చూడ్డం ఇప్పటికి కుదిరింది. నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన పేట, వార్సా ఘెట్టోలోంచి ప్రాణాలతో మిగిలిన ష్పిల్మన్ అనే పియానో కళాకారుడి కథ, నిజంగా జరిగిందే. చావు శిబిరానికి రైళ్లెక్కించే చోట తండ్రి ఇంటిల్లిపాది డబ్బులూ పోగుచేసి ఒకే ఒక్క కారమెల్ బిళ్ల కొంటాడు. చిన్న చాకుతో ఆరు ముక్కలు చేసి అందరికీ పంచుతాడు. అక్కడికి మా అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

నా గొడవ వేరే. చివర్లో అతను గడ్డం పెరిగి, బొమికలు తేలి, తెరవడానికి ఏమీ దొరకని ఊరవేసిన దోసకాయల డబ్బా గుండెకి హత్తుకుని పాడుబడ్డ మేడలో తిరుగుతుంటాడు. అది చూస్తుంటే 'దేశమును ప్రేమించుమన్నా' గేయంలోని గురజాడ పాదం వచ్చి గుచ్చుకుంది. "తిండి కలిగితే కండ కలదోయ్, కండ కలవాడేను మనిషోయ్". మరి కండంతా కరిగిపోయిన ఇతనేమిటి? ఆ 'ఏను'కి 'మాత్రమే' అనేనా అర్థం? లేక పాదమే తప్పుగా గుర్తుందా నాకు?

పాలకొండ మేష్టారు:
పాదం సరైనదే. కానీ 'కలిగితే' కాదమ్మా, 'కలిగితె'. మాత్రంటే అక్షరం పలికే కాలపు కొలత. దీర్ఘం పెడితే ఎనిమిది మాత్రలవుతాయి. గురజాడకి ఏడు చాలు.

బొబ్బిలి వీణ:
మేష్టారు మాత్రల దగ్గరికి వచ్చారు కాబట్టి తేలిపోయింది. 'కండ కలవా' ఏడు, 'డేను మనిషోయ్' ఏడు. ఆ 'ను' తీసి పాడి చూడండి, 'డే మనిషోయ్' ఆరే వస్తుంది, పాట కుంటుతుంది. 'ను' పాదపూరణం, లెక్క నింపడానికి వేసిన అక్షరం. అర్థం వెతక్కండి.

నాగావళి:
అర్థం తోచనప్పుడల్లా పాదపూరణం అనేస్తే ఎలా అండీ? వ్యవహారభాష కోసం అంత పోరాడినాయన ఊరికే అక్షరం అతికించాడా? అది సముచ్చయం, అంటే కలిపి చెప్పడం. 'రాముడును లక్ష్మణుడును' అంటాం చూడండి, ఆ 'ను'. కండ ఉన్నవాడు కూడా మనిషే అని. అలా చదివితే సినిమాలో అతనికొచ్చిన ముప్పేం లేదు.

పాలకొండ మేష్టారు:
ముప్పు వ్యాకరణానికొచ్చింది. 'ఏ' పెట్టి ఒక్కడినే ఏరేశాక, మళ్లీ 'కూడా' అని ఇంకొకరిని ఎలా పిలుస్తారు? మన ఇళ్లల్లో 'అంతేను', 'నిజమేను' అనడం లేదూ? అదే ఇది. మాటని ఒత్తి పలకడం. అంతేను.

ఆమదాలవలస కుర్రాడు:
పెద్దలు క్షమించాలి. భారతంలో 'ఏను' అంటే 'నేను' కదా? 'కండ కలవాడ, ఏను, మనిషోయ్' అని విడదీస్తే? కవి తన గురించే చెప్పుకున్నాడేమో.

బొబ్బిలి వీణ:
తమ్ముడూ, ఏనుకి తగ్గట్టు 'కలవాడను' అయితే తప్ప కుదరదు. పైగా ఆయన ఫొటో ఎప్పుడైనా చూశావా? తలపాగా బరువే ఎక్కువలా ఉంటుంది.

రాజాం నుంచి:
అందుకే నేను ఎప్పట్నుంచో చెబుతున్నాను, ఆ కండ కోడి రామ్మూర్తి నాయుడిది! వీరఘట్టం మనిషి, విజయనగరంలో వ్యాయామం నేర్పాడు, గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు. గేయం రాసింది 1910లో. ఒకే ఊళ్లో ఒకే కాలంలో అంత కండ కళ్లెదుట తిరుగుతుంటే కవి చూడడా?

నాగావళి:
చూసి ఉండొచ్చు. చూసి ఈ పాదం రాశాడనడానికి ఆధారం ఏదీ? మీ ఊరి పక్కవాడని గేయంలో చోటిప్పించేస్తున్నారు. రామ్మూర్తి శాకాహారి అంటారు, అదొక్కటి మాత్రం మా ఇంట్లో పిల్లలకి పప్పు తినిపించడానికి పనికొస్తోంది.

అయ్యకోనేరు గట్టు:
అయ్యా, సినిమా... నేను అడిగింది తిండి లేని మనిషి గురించి. ఘెట్టో వీధిలో ఒకావిడ చేతిలో సూప్ గిన్నె లాక్కోబోతే ఒలికిపోతుంది. ఆ లాక్కున్న ముసలాయన బోర్లా పడి రోడ్డు మీదే నాకేస్తాడు. అతను 'మనిషోయ్' లోపలా, బయటా?

పాలకొండ మేష్టారు:
లోపలే. పై పాదంలో 'తిండి కలిగితె' అని షరతు పెట్టాడు కదా. తిండి పెట్టనివాళ్ల మీద వేసిన నింద అది, తినలేనివాడి మీద కాదు. వెంటనే 'ఈసురోమని మనుషులుంటే' అన్నాడు చూడండి. ఈసురోమని ఉన్నా వాళ్లని మనుషులనే పిలిచాడు.

బొబ్బిలి వీణ:
మా అమ్మమ్మ 'ఉస్సురోమని' అని పాడేది. ఉసురుకీ దానికీ చుట్టరికం. అదీ ఏడు మాత్రలే, లెక్కేసుకోండి.

పాలకొండ మేష్టారు:
మాత్రలు సరిపోతాయి, ప్రాస పోతుంది. 'ఈసు'కి 'దేశ' జోడీ. 'తిండి', 'కండ'. 'వట్టి', 'గట్టి'. ఉస్సు పెడితే దేశం ఒంటరి.

రాజాం నుంచి:
'పాడి పంటలు', 'దారిలో నువు' దగ్గర ఏ ప్రాస ఉంది మేష్టారూ?

పాలకొండ మేష్టారు:
అక్కడ కవి ఇష్టం.

ఆమదాలవలస కుర్రాడు:
నేనూ చూశానండీ ఆ సినిమా. జర్మన్ ఆఫీసరు ముందు అతను వాయించేది షోపాన్ అనే స్వరకర్త రాసిన బల్లాడ్. నిజంగా ఆ రోజు ష్పిల్మన్ వాయించింది షోపాన్‌దే వేరే రచన, ఒక నాక్టర్న్. సినిమావాళ్లు మార్చేశారు. ఒక్క 'ను' గురించి మనం ఇంత కొట్టుకుంటుంటే, వాళ్లు పాటనే మార్చేశారు!

నాగావళి:
ఆ ఆఫీసరు హోసెన్‌ఫెల్డ్ తర్వాత రొట్టె, జామ్ తెచ్చి ఇస్తాడు, పొట్లంలో డబ్బా తెరిచే కత్తి కూడా పెడతాడు. నాకు అక్కడ 'పొరుగువాడికి తోడుపడవోయ్' వినపడింది. పాపం, 1952లో రష్యావాళ్ల చెరలోనే పోయాడు. ష్పిల్మన్ 2000 దాకా బతికాడు.

రాజాం నుంచి:
ఊరవేసిన దోసకాయలు అంటే మన దోసావకాయ లాంటిదా?

నాగావళి:
ఆవపిండి ఉండదు. ఉప్పునీళ్లు. ఆకలికి అదెంత రుచో, ఆయన్నే అడగాలి.

అయ్యకోనేరు గట్టు:
మా అత్తగారిని ఇప్పుడే అడిగాను, ఎలా పాడతారని. ఎనభై దాటాయి, చదువు మూడో తరగతి. బియ్యంలో రాళ్లు ఏరుతూ పాడారు. "కండ కలవాడేనా మనిషోయ్". అలాగే నేర్చుకున్నారట, ప్రశ్నలాగా.

పాలకొండ మేష్టారు:
'డేనా మనిషోయ్'. ఎనిమిది. ఒకటి ఎక్కువ.

బొబ్బిలి వీణ:
పాటలో సర్దేయొచ్చు మేష్టారూ.

పాలకొండ మేష్టారు:
సర్దడానికి అదేమైనా గోనెసంచా?