పచ్చళ్ల అమ్మకం: ఖాతా, పన్ను, జీఎస్టీ గురించి

ప్రశ్న: మాది గుంటూరు. ఆవకాయ, గోంగూర ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. డబ్బంతా యూపీఐలో నా పొదుపు ఖాతాకే వస్తోంది. పాలకూ, పిల్లల ఫీజులకూ అందులోంచే కడుతున్నాను. ఏడాది అమ్మకం సుమారు 6 లక్షలు. లాభం ఎలా తేల్చాలి? జీఎస్టీ అక్కర్లేదు కదా?

జవాబు: వ్యాపారానికి ముందు వేరే ఖాతా తెరవండమ్మా, మిగతావన్నీ తర్వాత. చిన్న వ్యాపారులు బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకంపై కనీసం 6 శాతం, నగదుపై 8 శాతం లాభంగా చూపి పన్ను లెక్కించుకునే వీలుంది. అంతకన్నా ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువే చూపాలి. అందుకే నూనె, కారం, సీసాల బిల్లులు, కొరియర్ రసీదులు నెలవారీగా దాచండి.

మరో జవాబు: జీఎస్టీ సంగతి జాగ్రత్తండీ! మన రాష్ట్రంలో సరుకుల అమ్మకం ఏడాదికి 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదన్న పరిమితి ఉన్నది రాష్ట్రంలోపలి అమ్మకాలకే. హైదరాబాదుకు ఒక్క సీసా పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే, అప్పుడు మొత్తం ఎంత తక్కువైనా నమోదు తప్పదు. 2014కు ముందు ఒకే రాష్ట్రం కాబట్టి చాలామందికి ఇది తట్టదు. ఆహార భద్రత నమోదు కూడా విడిగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: ఆహార నమోదు ఉందండీ. కానీ సగం పార్సిళ్లు కూకట్‌పల్లికే! రేపే ఆడిటరు గారిని కలుస్తాను.