బ్లఫ్ గేమ్‌లో నిజం తేల్చాల్సింది కార్డా, ఓటా?

మూడోచెయ్యి

వాదనే ఆటగా సాగే ఒక బ్లఫ్ గేమ్ తయారుచేస్తున్నా. అన్నీ కుదిరాయి, చివరి రూల్ దగ్గరే పేచీ. ముందు ఆట ఏంటో చెప్తా.

ఆడేది ఐదుగురు. "అవును" అనో "కాదు" అనో రాసిన సాక్ష్యం కార్డులు 15, తలా మూడు. రెండు కట్టలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఒకదాంట్లో 9 అవును, 6 కాదు. రెండోదాంట్లో దానికి తిరగేసి. ఏ కట్ట పంచామో ఎవరికీ తెలీదు. ఏ వైపు 9 ఉన్నాయో ఆ ఆటకి అదే నిజం. దీనికి తోడు ఒక్కొక్కరికి ఒక రహస్య పక్షం కార్డు, మీరు ఏ వైపు లాయరో చెప్పేది. వంతు రాగానే ఒక కార్డు బోర్లా పెట్టి అది ఏంటో ప్రకటించాలి, అబద్ధమైనా సరే. ఎవరైనా "సవాల్" అంటే తిప్పాలి. తప్పు తేలినవాళ్ళ టోకెన్ ఒకటి పోతుంది. అన్ని కార్డులూ అయ్యాక చేతులెత్తి ఓటు. మీ పక్షం గెలిస్తే 2 పాయింట్లు, మీ ఓటు నిజంతో కలిస్తే 1.

ఆడించి చూస్తే గట్టిగా మాట్లాడేవాళ్ళదే పైచేయి. ఓటు తీసేసి టోకెన్లతోనే గెలుపు తేల్చమని కొందరు, ఓటు లేకపోతే అసలు ఆటే లేదని కొందరు. మీరేమంటారు?

బొమ్మాబొరుసు

తీసెయ్యండి. బ్లఫ్ అన్నాక తిప్పి చూడగలిగేది ఒకటి ఉండాలి. స్కల్ ఆట చూడండి. తలా నాలుగు బిళ్ళలు, మూడు పూలు, ఒక పుర్రె. పుర్రె తగలకుండా ఇన్ని బిళ్ళలు తిప్పుతానని వేలంపాట పెంచుకుంటూ పోవడమే. పాట దక్కినవాడు ముందు తన బిళ్ళలే తిప్పాలి. పుర్రె పెట్టి పక్కవాళ్ళని ఎగదోద్దామని పాట పెంచినవాడు, అందరూ వదిలేస్తే తన పుర్రెకి తానే బలి. అక్కడ గొంతు ఎంత పెద్దదైనా పనికిరాదు.

పైగా మీ ఓటులోనే చిల్లు ఉంది. పక్షాలు 3-2గా పడ్డాయనుకోండి. ఆ ముగ్గురూ పట్టు వదలకపోతే కార్డులు పంచినప్పుడే ఫలితం తేలిపోయింది. మధ్యలో సాక్ష్యాలు, సవాళ్ళు అన్నీ ఉత్త తతంగం.

వాదోపవాది

3-2 సంగతి ఒప్పుకుంటా, మందు మాత్రం తప్పు. ఓటు తీసేస్తే మిగిలేది లెక్క, వాదన కాదు. కూ అనే ఆట ఉంది కదా, ఐదు పాత్రలు, ఒక్కో పాత్రకి మూడేసి కార్డులు, మొత్తం 15. నా చేతిలో రెండు డ్యూక్‌లున్నాయి, మూడోది ఇప్పటికే బయటపడి బల్ల మీద ఉంది. ఇప్పుడు ఎవరు "నేను డ్యూక్" అన్నా అబద్ధమే. నేను వాదించక్కర్లేదు, వినక్కర్లేదు, సవాల్ అంటే చాలు. అది మంచి ఆటే, కాదనను. కానీ ఈయన అడుగుతున్నది వాదన గురించి.

రెండూ కలిపిన ఆట ఆవలాన్. జట్టుని ఓటుతో ఎన్నుకుంటారు, మిషన్ గెలిచిందో ఓడిందో కార్డులు చెప్తాయి. ఆడేవాళ్ళలో దాక్కున్న ద్రోహులెవరో చాలావరకు తెలిసిన మెర్లిన్ అనే పాత్ర ఉంటాడు. తెలిసిన నిజాన్ని మరీ బాహాటంగా చెప్తే చివర్లో ద్రోహుల్లోని హంతకుడు అతన్ని గుర్తుపట్టేస్తాడు, గెలిచిన ఆట చేజారుతుంది. నిజం తెలిసినవాడికి కూడా నోరు జాగ్రత్తగా వాడాల్సిన పని పెట్టారు చూశారా, డిజైన్ అంటే అదీ.

సున్నాకుడిపక్క

ఇద్దరూ వేరేవాళ్ళ ఆటల గురించి కొట్టుకుంటున్నారు. ఈయన కార్డులు లెక్కేద్దాం.

మీ చేతిలో మూడూ "అవును" పడితే, నిజం అవును అయ్యే అవకాశం దాదాపు 81 శాతం (అలాంటి చేతులు అవును కట్టలో 84, కాదు కట్టలో 20). రెండు అవును, ఒకటి కాదు పడితే దాదాపు 62 శాతమే (అవును కట్టలో 216, కాదు కట్టలో 135). అంటే ఎంత మంచి చెయ్యి పడ్డా ఒంటరిగా నిజం తేల్చలేరు. పదిహేనూ బల్ల మీదకొస్తే మాత్రం సందేహమే ఉండదు. నిజం ముక్కలుగా అందరి చేతుల్లో ఉంది, దాన్ని కూడగట్టాలంటే ఎదుటివాడి మాట నమ్మాలి, వాడికేమో అబద్ధమాడ్డానికి కారణం ఉంది. నాకు తెగ నచ్చిన భాగం ఇదే. దీన్ని మాత్రం ముట్టుకోకండి.

అసలు రోగం సవాల్‌లో ఉంది. మీ రూల్ ప్రకారం సవాల్ చేసి తప్పితే నా టోకెన్ పోతుంది. నెగ్గితే వాడి టోకెన్ పోతుంది, నాకేం రాదు. అబద్ధం బయటపడిన లాభం మిగతా నలుగురిదీ, రిస్కు మాత్రం నా ఒక్కడిది. అందుకే అందరూ "ఇంకెవరైనా అంటారులే" అని కూర్చుంటారు, గట్టిగా మాట్లాడేవాడు దర్జాగా నెట్టుకుపోతాడు. నెగ్గినవాడికి ఆ టోకెన్ ఇచ్చెయ్యండి. అప్పుడు అబద్ధమయ్యే అవకాశం సగానికి మించితే సవాల్ లాభం. నెగ్గితే ఒకటి, తప్పితే రెండు అని పెడితే మూడింట రెండు వంతులు నమ్మకం కుదరాలి. ఆ ఒక్క అంకె మారిస్తే ఆట ఊపే మారిపోతుంది.

మూడోచెయ్యి

టోకెన్ చేతులు మారడం వెంటనే పెడుతున్నా. కానీ సవాల్ లాభసాటి అయితే ఊరికే ప్రతి కార్డుకీ "సవాల్, సవాల్" అనేవాళ్ళు తయారవరా? ఇప్పటికే ఒకాయన ఉన్నారు. ఏ పక్షమో తేల్చరు, సొంతంగా ఒక్క మాట అనరు, ఎవరేం చెప్పినా కొట్టిపారేస్తారు.

పాతచింత

ఆయన కొత్త మనిషేం కాదు, న్యాయసూత్రాలు (గౌతముడి పాత తర్కశాస్త్ర గ్రంథం) ఆయన్ని ఎప్పుడో పట్టుకున్నాయి. చర్చని మూడు రకాలు చేశారు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం ఏ అడ్డదారైనా తొక్కేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది కూల్చడమే పనిగా పెట్టుకుంటే వితండం. ఓడినట్టు ఎప్పుడు లెక్కో కూడా రాశారు, నిగ్రహస్థానాలని 22. మొదట చెప్పిన ప్రతిజ్ఞని, అంటే తన వాదాన్ని, వదిలేయడం, జవాబు తోచక నీళ్ళు నమలడం, ఇలాంటివన్నీ. బ్రహ్మాండమైన రూల్ బుక్ అది.

మీ ఆటకి కావలసింది రెండు ముక్కలు. ఒకటి, తన సాక్ష్యం కనీసం ఒకటి బల్ల మీద లేనివాడికి సవాల్ హక్కు లేదు. రెండు, ప్రకటించిన ప్రతి కార్డు మీద "అవును" లేదా "కాదు" బిళ్ళ పెట్టి చివరిదాకా తీయకూడదు. ఇందాక ఏమన్నాడో ఇప్పుడు ఏమంటున్నాడో ఎదురుగా కనపడాలి.

బొమ్మాబొరుసు

22 నిగ్రహస్థానాలు చదివి వినిపించేసరికి ఆడేవాళ్ళు నిద్రపోతారు స్వామీ. సవాల్ హక్కు రూల్ బాగుంది, మొదటి వంతుకి తప్ప ఆట నెమ్మదించదు. బిళ్ళలెందుకు? మొహం చూస్తే తెలిసిపోతుంది.

పాతచింత

మొహం చూస్తే తెలియదు, అందుకే బిళ్ళలు. అబద్ధాలు పసిగట్టడం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి బాండ్, డిపాలో అనే పరిశోధకులు 2006లో లెక్క తీశారు. జనం సగటున 54 శాతం సార్లు సరిగ్గా చెప్పగలిగారు. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది, మీ పేరు సాక్షిగా.

అబద్ధంరాదు

నాలాంటివాళ్ళ సంగతి కూడా చూడండి. నాకు అబద్ధమాడ్డం చేతకాదు, రెండో మాటకే దొరికిపోతా. ఇలాంటి ఆటల్లో నేను ఎప్పుడూ ప్రేక్షకుణ్ణే. మూడు కార్డుల్లో రెండే బల్ల మీద పెట్టాలని రూల్ పెట్టొచ్చుగా? నా పక్షం అవును, చేతిలో రెండు అవును, ఒక కాదు. రెండు అవునులూ నిజాయితీగా పెడతా, మూడోది నాతోనే ఉంటుంది. ఒక్క అబద్ధం ఆడలేదు, అయినా బల్లని నా వైపు లాగేశా.

వాదోపవాది

అబద్ధం రాదంటూనే ధర్మరాజుని మించిపోయారు! అశ్వత్థామ హతః... కుంజరః అని ఆయన మెల్లగానైనా అన్నాడు, మీరు ఆ మాట చేతిలోనే దాచేశారు.

కానీ సలహా అద్భుతం. ఆడిన అబద్ధాన్ని సవాల్ పట్టుకుంటుంది, దాచిన నిజాన్ని పట్టుకోలేదు. దాన్ని బయటికి లాగాలంటే ప్రశ్నలడగాలి, "రెండూ అవునే పెట్టావు, మూడోది ఏంటి?" అని. అక్కడ నిజంగా వాదన పుడుతుంది. కార్డుల్లో ఐదు ఓటుదాకా బయటికి రావు కాబట్టి సున్నా గారి లెక్క కూడా పూర్తిగా తేలదు. నేను ఓటు కావాలన్నది ఇందుకే.

సున్నాకుడిపక్క

అయితే చేతులెత్తే ఓటు కాకుండా పందెం పెట్టండి. మిగిలిన టోకెన్లలో ఎన్ని ఏ వైపో గుప్పిట్లో పట్టుకుని అందరూ ఒకేసారి తెరవాలి. నిజం మీద పెట్టినవి రెట్టింపు, మిగతావి పోయినట్టే. పక్షం గెలుపుకి 2 కాకుండా 1 చాలు. నలుగురు చెయ్యెత్తాక ఐదోవాడు కూడా ఎత్తే బాపతు పోతుంది. సవాళ్ళలో గెలిచినవాడి మాటకి బరువూ ఉంటుంది, వాడి దగ్గర టోకెన్లు ఎక్కువ కాబట్టి.

బొమ్మాబొరుసు

అంటే చివరికి కార్డే తేలుస్తోంది. నేను మొదట అన్నదీ అదే.

వాదోపవాది

పందెం కూడా ఓటే, టోకెన్లతో వేసింది. మీరన్నది అసలు తీసెయ్యమని.

మూడోచెయ్యి

మీరు తేల్చుకునేలోపు నేను గుప్పిట పందెం, రెండు కార్డుల రూల్ పెట్టి ఆడించేస్తా. ఒక్క సందేహం, టోకెన్లన్నీ సవాళ్ళలోనే పోగొట్టుకున్నవాడు పందేనికి ఏం పెట్టాలి? ఖాళీ గుప్పిట తెరిస్తే అందరికీ తెలిసిపోతుంది.

అబద్ధంరాదు

ఒక టోకెన్ ఎప్పటికీ పోనిది ఇవ్వండి, రంగు వేరేది. అది సవాల్‌కి వాడకూడదు, పందేనికే.