అప్‌డేట్: తిరుపతి వేసవి బడి, నెల తర్వాత

ఏప్రిల్‌లో అడిగాను, గుర్తుందా? వైకల్యం ఉన్న మూడు, నాలుగేళ్ల పిల్లలకు వేసవి బడిలో చెప్పడానికి ఒప్పుకున్నా, భయంగా ఉందని. "బొమ్మల కార్డులు చేసుకోమ్మా, పిల్లల్ని ఏదైనా అడిగాక జవాబు కోసం పది లెక్కపెట్టేదాకా ఆగు" అని ఒక అక్క చెప్పారు. ఆ రెండే నన్ను నిలబెట్టాయి.

ఒక బాబుకు ఆటిజం, ఇంకా మాటలు రాలేదు. దాహమైతే నేలమీద పడి ఏడ్చేవాడు. గ్లాసు బొమ్మ కార్డు నా చేతికిస్తే వెంటనే నీళ్లిచ్చేదాన్ని. పన్నెండో రోజు తనే గోడ మీది కార్డు పీకి, నా అరచేతిలో పెట్టి, మొహంలోకి చూశాడు. నీళ్లు పోస్తుంటే నా చేతులు వణికాయి. కార్డులు అలవాటైతే ఇక మాటలు రావేమోనని వాళ్లమ్మ బెంగపడేది. కార్డులు మాటను ఆపవమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో! ఆరోజు గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల కండరాలు, కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పాపకు చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేశాం, పట్టు దొరికింది. పెరుగన్నం సగం ఒలకబోసుకున్నా మిగతాది తనే తింటుంది. ఆ మెతుకులు ఊడ్చడం కూడా నాకిష్టమే.

ఎండలకు పదిన్నరకే వదిలేస్తున్నాం. సదరం సర్టిఫికెట్ (వైకల్యానికి ప్రభుత్వమిచ్చే ధ్రువపత్రం) లేని ఇద్దరు తల్లులను సచివాలయానికి పంపాను.

నిన్న అలిపిరి వైపు వెళ్లే భక్తులు "గోవిందా" అంటుంటే, ఆ బాబు కిటికీ దగ్గరికెళ్లి రెండు చేతులూ పైకెత్తాడు.